చేలో బీట పడింది, కింద బొగ్గు బాయి: మనమే కొలుచుకోవడం ఎలా?

కానూరు_కోడలు · 8 జూన్ 2025, ఉదయం 9:12
నమస్కారం అండీ. కాపురం విజయవాడలో, పుట్టిల్లు బొగ్గు గనుల వైపు ఒక పల్లె. ఊరి పేరు, బాయి పేరు రాయను. అక్కడ గొడవేమీ లేదు, లేనిది పుట్టించడం ఎందుకు.

మొన్న సెలవులకి వెళ్లొచ్చాను. బాపు చేలో తూర్పు గట్టు పక్కన నేల బీట వారింది. నలభై అడుగుల పొడవు, కొంచెం విల్లులా వంగి ఉంది, బొటనవేలు దూరేంత వెడల్పు. రెండడుగుల అవతల ఇంకోటి, సన్నది, దీని వెంబడే పోతోంది. మాది ఎర్ర చెలక, నెర్రెలు విచ్చే నేల కాదు. గట్టు అవతల బీడులో తెల్ల రంగేసిన సిమెంటు దిమ్మెలు వరసగా ఉన్నాయి, నంబర్లు కూడా వేశారు. నెలకోసారి కంపెనీ మనుషులొచ్చి మూడుకాళ్ల యంత్రం పెట్టి చూసుకుని పోతారట. "నేల కుంగుతుందేమో చూస్తున్నాం పెద్దాయనా" అన్నారట బాపుతో.

బాపు ఆ బీటలో వరిగడ్డి కుక్కి మట్టి కప్పేద్దాం అంటున్నాడు. నాకేమో భయం. కుంగితే ఎంత కుంగుతుంది? ఇల్లు అక్కడికి అర కిలోమీటరు. మనంతట మనం కొలుచుకునే దారేదన్నా ఉందా?

బస్టాండ్_బాబ్జీ · 8 జూన్, ఉదయం 9:40
అమ్మో! 2023 జనవరిలో జోషీమఠ్‌లో ఇట్టాగే మొదలైంది. ముందు ఇల్లు ఖాళీ చేయించండి, కొలతలు తర్వాత.

గుంటూరు_నల్లరేగడి · 8 జూన్, ఉదయం 10:05
మా ఇంటికి రండి, పడమటి గోడ చూపిస్తా. ఎండాకాలం నా చెయ్యి పడుతుంది, వానాకాలం మూసుకుంటుంది. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. మా కింద బొగ్గూ లేదు, బాయీ లేదు. నల్లరేగడిలో మామూలు పునాదికి ఇంతే. కంగారు పడమాకండి.

పాత_సర్వేయరు · 8 జూన్, రాత్రి 8:31
బాబ్జీ గారూ, జోషీమఠ్‌ది కొండవాలు జబ్బు. దాన్ని ఇక్కడికి లాక్కు రాకండి.

అమ్మా, నేను భూగర్భ గనుల్లో సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సత్యనారాయణపురంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ముందు జాగ్రత్తలు చెబుతా, లెక్కలు తర్వాత.

బీట దగ్గర పశువుల్ని కట్టొద్దు, పిల్లల్ని రానీయొద్దు. లోతెంతుందో చూద్దామని దీపాలూ కాగడాలూ దించొద్దు. తెల్లవారుజామున చలివేళ అందులోంచి ఆవిరి లేచినా, కిరసనాయిలు లాంటి వాసన తగిలినా వెంటనే గని ఆఫీసుకి కబురు పంపండి. బీటలోంచి గాలి దిగితే, తవ్వి వదిలేసిన చోట (మేం గోఫ్ అంటాం) మిగిలిపోయిన బొగ్గు తనంతట తానే వేడెక్కుతుంది. వానొస్తే అదే దారిన నీళ్లూ బాయిలోకి దిగుతాయి. అందుకే వానలకి ముందే బీటలు పూడ్చడం గని వాళ్ల పని. చెబితే వాళ్లే వచ్చి పూడుస్తారు, వాళ్లకీ అది ప్రాణావసరమే. వరిగడ్డి మాత్రం వద్దు, కుళ్లి లోపల మళ్లీ గుల్లవుతుంది. బంకమట్టి పోసి దిమ్మిస కొట్టాలి. అయితే పూడ్చే ముందే కొలత గుర్తులు పెట్టుకోండి.

ఇక కుంగడం సంగతి. కప్పు మోయడానికి వదిలిన బొగ్గు స్తంభాలు, అంటే పిల్లర్లు, తీసేశాక పైకప్పు కూలుతుంది. కూలిన రాయి గుల్లగా పడుతుంది కాబట్టి ముందుకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. 3 మీటర్ల బొగ్గు పొర తీశారనుకోండి, కూలిన రాయి 30 శాతం ఉబ్బిందనుకోండి. 3ని 0.3తో భాగిస్తే 10. అంటే పది మీటర్ల ఎత్తు కూలేసరికి ఖాళీ దానంతటదే నిండుతుంది. ఆ పై పొరలు ముక్కలవకుండా, నులకమంచం మీద మనిషి కూర్చుంటే కుంగినట్టు కుంగుతాయి. బాయి మరీ పైపైనే ఉంటే ఈ నిండటానికి చోటు చాలక, ఒక్కరాత్రిలో బావి తవ్వినట్టు గుంట పడుతుంది. అది వేరే ప్రమాదం. పాతకాలంలో తక్కువ లోతులో తవ్వి పిల్లర్లు వదిలేసిన చోట్ల యాభై ఏళ్ల తర్వాత కూడా పడొచ్చు.

మంచంలాగే నేల కూడా మధ్యలో నొక్కుకుంటుంది, అంచున సాగుతుంది. మట్టి నొక్కుడు ఓర్చుకుంటుంది, లాగుడు ఓర్చుకోదు. అందుకే బీట అంచున పడేది. మీ బీట విల్లులా ఉంది, పక్కన తోడు బీట కూడా ఉంది అన్నారు చూడండి, అది నెర్రె కాదు.

గట్టు కింద బాయి ఎంత లోతు, ప్యానెల్ (ఒక విడతగా బొగ్గు తీసే ముక్క) అంచు ఎక్కడ, కప్పు కూల్చుతున్నారా ఇసుక నింపుతున్నారా? కనుక్కోండి.

గుంటూరు_నల్లరేగడి · 8 జూన్, రాత్రి 9:02
నెర్రె కాదని చూడకుండానే ఎట్టా చెప్పారు మాస్టారూ?

పాత_సర్వేయరు · 8 జూన్, రాత్రి 9:15
నెర్రెలు సాలెగూడులా నాలుగు వైపులా పోతాయి, వానకి మూసుకుంటాయి. ఇది ఒకే దిక్కున పోతోంది, అదీ ఎర్ర నేలలో. ప్యానెల్ అంచు వెంబడే ఉందని తేలితే ఇక అనుమానమే లేదు.

కానూరు_కోడలు · 10 జూన్, మధ్యాహ్నం 1:20
మా చిన్నాయన కొడుకు ఆ బాయిలోనే పనిచేస్తాడు. వాడు చెప్పింది: లోతు 120 మీటర్లు, పొర 3 మీటర్లు, ప్యానెల్ వెడల్పు 100. ఇసుక నింపడం లేదు, కూల్చుతున్నారు. ప్యానెల్ గీత మా తూర్పు గట్టుకి 15 మీటర్ల అవతల. బీట ఆ గీత వెంబడే పోతోందంట. మీ మాటే నిజమైంది.

పాత_సర్వేయరు · 10 జూన్, రాత్రి 7:48
అయితే లెక్క తేలికే. కాగితం తీసుకోండి.

ప్యానెల్ వెడల్పు లోతుకి 1.4 రెట్లు ఉంటేనే కుంగుబాటు పూర్తిస్థాయికి చేరుతుందని బ్రిటన్ వాళ్ల పాత లెక్క. మీది 100కి 120, అంటే 0.83. పూర్తిగా కుంగదు. పూర్తిగా కుంగినా, కప్పు కూల్చే పద్ధతిలో మన గనుల్లో తీసిన మందంలో ఆరు పదో వంతులు అని లెక్కేసుకునేవాళ్లం, అంటే 1.8 మీటర్లు. అదీ ప్యానెల్ నడిబొడ్డున, మీ గట్టు మీద కాదు. ఇసుక గట్టిగా నింపి ఉంటే అది 5 శాతానికి, అంటే పదిహేను సెంటీమీటర్లకి దిగేది. గోదావరి ఇసుక బాయిల్లోకి ఎందుకు పంపేవాళ్లో ఇప్పుడు అర్థమైందా?

అంచు నుంచి బయటికి ఎంత దూరం ప్రభావం ఉంటుందంటే, నిలువుగీతకి 30 డిగ్రీల కోణం వేస్తే 120 ఇంటూ 0.58, సుమారు 70 మీటర్లు. మీ ఇల్లు అర కిలోమీటరు. హాయిగా నిద్రపోండి.

మోటారు గది ఆ 70 మీటర్ల లోపలుందా? ఉంటే దాని గోడల మీద కన్నేయండి. బ్రిటన్ నేషనల్ కోల్ బోర్డు పట్టికలో కట్టడం మొత్తం పొడవులో మార్పు 3 సెంటీమీటర్ల లోపుంటే వెంట్రుకవాసి పగుళ్లే అని రాసుంటుంది.

కానూరు_కోడలు · 10 జూన్, రాత్రి 8:10
లేదండీ, మోటారు గది ఇంకా అవతల, 180 మీటర్లు ఉంటుంది.

గవర్నర్‌పేట_వకీలు · 11 జూన్, ఉదయం 8:00
ఒక మాట. రైల్వే లైను, ప్రజా కట్టడాలకి 45 మీటర్ల దూరం లోపల తవ్వాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి కావాలి. సొంత చేను విషయం వేరు. ప్రభుత్వ సంస్థ అయితే 2005 సమాచార హక్కు చట్టం కింద కుంగుబాటు కొలతలు అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

పాత_సర్వేయరు · 11 జూన్, ఉదయం 8:25
అడగండి, తప్పులేదు. ముందు ఆ దిమ్మెల దగ్గరికొచ్చే కుర్రాళ్లకి మజ్జిగ ఇవ్వండి. మాకు మజ్జిగిచ్చిన రైతులకి మేం చెప్పకుండా దాచింది ఏమీ లేదు.

ఉపగ్రహం_ఊసు · 11 జూన్, రాత్రి 10:44
నేను ఇక్కడే ఎంటెక్ రిమోట్ సెన్సింగ్ చేస్తున్నాను. దిమ్మెలూ టేపులూ ఎందుకండీ, ఉపగ్రహ రాడార్‌తో నేల కదలిక కొలిచే ఇన్‌సార్ ఉందిగా! ఐరోపా వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహం డేటా ఉచితం, ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేరూ ఉచితమే. రాడార్ తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు. వెళ్లి రావడం లెక్క కాబట్టి సగం, అంటే నేల 2.8 సెంటీమీటర్లు కదిలితే బొమ్మలో ఒక రంగుల చుట్టు కనిపిస్తుంది. 12 రోజులకోసారి అదే దారిన వస్తుంది. చేను ఎక్కడో చెప్తే వారంలో మ్యాప్ ఇస్తా.

పాత_సర్వేయరు · 12 జూన్, ఉదయం 6:50
తమ్ముడూ, ఇవ్వు. కానీ చేలో ఇంకో నెలకి పత్తి మోకాలెత్తు పెరుగుతుంది. అప్పుడు నీ రాడార్‌కి కనిపించేది నేలా, ఆకులా?

ఉపగ్రహం_ఊసు · 12 జూన్, ఉదయం 11:30
నిజమే మాస్టారూ, పైరు మీద ఒక విడత బొమ్మకీ ఇంకో విడత బొమ్మకీ పొంతన చెడిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పక్కపక్క పిక్సెల్స్ మధ్య తేడా ఒక్క విడతలో మరీ ఎక్కువైతే రంగుల చుట్లు కలగాపులగం అయిపోతాయి. ప్యానెల్ నడుమ మీటరు లెక్కన కుంగే చోట సెంటినెల్ చేతులెత్తేస్తుంది. పిక్సెల్ కూడా సుమారు 5 బై 20 మీటర్లు, బీట అందులో కనిపించదు. కానీ ఏ మూల నుంచి ఏ మూల దాకా నేల కదిలిందో పది ఊళ్లకి ఒకేసారి చెప్పగలదు. అది మీ లెవెల్ చెప్పలేదుగా!

పాత_సర్వేయరు · 12 జూన్, మధ్యాహ్నం 12:15
చెప్పలేదు. ఒప్పుకున్నా.

అమ్మా, మీ పని చెబుతా. బీటకి అటూ ఇటూ అడుగున్నర దూరంలో ఒక్కో ఇనుప ఊచ, రెండడుగుల లోతు, చుట్టూ కాంక్రీటు. ఊచ తల మీద పంచ్‌తో చుక్క. ఇలాంటి జతలు మూడు, బీట మొదట, నడుమ, చివర. చుక్క నుంచి చుక్కకి స్టీలు టేపుతో వారానికోసారి కొలవండి, ఎప్పుడూ పొద్దున చల్లటి వేళే. గుడ్డ టేపు వద్దు, అది సాగినంత నేల కూడా సాగదు.

ఎత్తు కోసం గట్టు నుంచి పడమరగా ఒక వరస. ప్యానెల్ గీత నుంచి 15, 35, 60, 90, 130 మీటర్ల దగ్గర అవే ఊచలు. కదలని చోట ఒక బెంచ్‌మార్కు. దాన్నుంచి లెవెల్‌తో (ఎత్తు తేడాలు చూసే మూడుకాళ్ల యంత్రం) నెలకోసారి చూస్తే చాలు. ఆటో లెవెల్ బిల్డింగ్ కాంట్రాక్టర్ల దగ్గర అద్దెకి దొరుకుతుంది. చదవడం రానివాళ్లు మేస్త్రీ నీళ్ల ట్యూబు వాడుకోవచ్చు గానీ దూరం పెరిగేకొద్దీ ట్యూబు జరిపిన ప్రతిసారీ ఒకటి రెండు మిల్లీమీటర్లు జారిపోతుంది.

తారీఖు, వేళ, కొలిచిందెవరు, ముందురోజు వాన పడిందా అన్నీ ఒకే నోట్‌బుక్కులో రాయాలి. కొట్టివేతలు ఉండొచ్చు, చింపడం ఉండకూడదు. మొదటి కొలత తారీఖు అన్నిటికన్నా విలువైంది. అది లేకపోతే తర్వాత ఎన్ని కొలిచినా ఎంత కదిలిందో ఎవరూ చెప్పలేరు. కంపెనీ దిమ్మెలు తవ్వకం ఆ చోటికి రాకముందే పాతింది కూడా అందుకే.

కానూరు_కోడలు · 22 జూన్, సాయంత్రం 6:30
డిప్లొమా సివిల్ చదివే మా మేనల్లుడు ఆటో లెవెల్ తెచ్చాడు. ఊచలన్నీ పాతించాం. బెంచ్‌మార్కు మోటారు గది గడప మీద పెట్టాం. బీట వెడల్పు నడుమ జత దగ్గర 22 మిల్లీమీటర్లు. ఆ మర్నాడే గని వాళ్లు వచ్చి బంకమట్టి పోసి పూడ్చారు, ఊచలు కదిలించకుండా పూడ్చమంటే సరే అన్నారు. బాపు నోట్‌బుక్కు మీద "భూమి లెక్క" అని రాసుకున్నాడు.

బస్టాండ్_బాబ్జీ · 22 జూన్, రాత్రి 7:05
మరి చింతలపూడి వైపు కూడా బొగ్గుందంటారు కదా, రేపు మన ఏలూరు జిల్లాలో తవ్వితే విజయవాడ కుంగుద్దా?

పాత_సర్వేయరు · 22 జూన్, రాత్రి 7:40
ఇందాక చెప్పిన 70 మీటర్ల లెక్క మళ్లీ చదవండి బాబ్జీ గారూ. చింతలపూడి నుంచి బెజవాడ ఎంత దూరమో బస్టాండ్‌లో ఉండేవారికి నేను చెప్పాలా?

ఉపగ్రహం_ఊసు · 30 జూలై, సాయంత్రం 6:20
ఇప్పుడే శ్రీహరికోట నుంచి జీఎస్ఎల్వీ-ఎఫ్16 మీద నైసార్ రాడార్ ఉపగ్రహం ఎగిరింది!! మనదీ నాసాదీ కలిపి. అందులో ఎల్-బ్యాండ్ రాడార్ తరంగం 24 సెంటీమీటర్లు, పైరు మీద సెంటినెల్ అంత తొందరగా చెడదు. ఒక్క రంగుల చుట్టుకి 12 సెంటీమీటర్లు, అంటే వేగంగా కుంగే చోట కూడా లెక్క అంత తొందరగా తప్పదు. ఇదీ 12 రోజులకోసారే. మాస్టారూ, మీ పత్తి ప్రశ్నకి జవాబు పైకి వెళ్లిపోయింది.

పాత_సర్వేయరు · 30 జూలై, సాయంత్రం 6:41
టీవీలో చూశాను. సంతోషంగా ఉంది. మాకు ఇది ఉండుంటే ఎండలో సగం నడక తగ్గేది.

కానూరు_కోడలు · 17 ఆగస్టు, ఉదయం 10:10
మాస్టారూ, అర్జెంటు. జులైలో పెద్దగా తేడా లేదు. మొన్న నాలుగు రోజులు గట్టి వానలు పడ్డాక మేనల్లుడు మళ్లీ లెవెల్ పెట్టాడు. మొదటి కొలతతో పోలిస్తే 15 మీటర్ల ఊచ 55 మిల్లీమీటర్లు కిందికి, 35ది 31, 60ది 18, 90ది 14, 130ది కూడా 14. మీరు 70 మీటర్ల అవతల ఏమీ ఉండదన్నారు. 130 దగ్గర కూడా కుంగిందంటే ఇంటి దాకా వస్తున్నట్టేగా? బాపు రాత్రి నిద్రపోలేదు.

బస్టాండ్_బాబ్జీ · 17 ఆగస్టు, ఉదయం 10:14
నేను ముందే చెప్పా.

పాత_సర్వేయరు · 17 ఆగస్టు, ఉదయం 11:02
లెవెల్ కొలిమేషన్ (చూపు గీత సమంగా ఉందా అని) చూశాడా? తిరిగి బెంచ్‌మార్కు మీదికొచ్చి ముగించాడా? తేడా ఎంత వచ్చింది?

కానూరు_కోడలు · 17 ఆగస్టు, ఉదయం 11:20
రెండు సార్లు తిరిగొచ్చాడట, 2 మిల్లీమీటర్లే తేడా. యంత్రం మంచిదే అంటున్నాడు.

గుంటూరు_నల్లరేగడి · 17 ఆగస్టు, ఉదయం 11:47
అమ్మాయ్, ఒకటి అడుగుతా. మీ చేను ఎర్ర నేల అన్నావు. ఆ మోటారు గది కింద మట్టి ఏ రంగు?

కానూరు_కోడలు · 17 ఆగస్టు, మధ్యాహ్నం 12:30
బాపుని అడిగాను. అది పాత కుంట పూడ్చిన చోటట. నల్లమట్టి.

గుంటూరు_నల్లరేగడి · 17 ఆగస్టు, మధ్యాహ్నం 12:41
ఇంకేం. నీ ఊచలు కుంగలా, నీ గది లేచింది. వానకి నల్లమట్టి పొంగుతుంది, మీద పునాది తేలిగ్గా ఉంటే గడపని ఎత్తేస్తుంది. మా వరండా ఏటా ఆగస్టులో తలుపుకి తగులుద్ది, సంక్రాంతికి వదులుతుంది. ఇది మాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన కథే.

పాత_సర్వేయరు · 17 ఆగస్టు, మధ్యాహ్నం 1:15
నమస్కారం నల్లరేగడి గారూ. తప్పు నాదే. 'కదలని చోట' అని రాశానే గానీ, ఆ చోట మట్టేదని అడగలేదు. సర్వేయరుని అయ్యుండి అడగకపోవడం సిగ్గుచేటు.

అమ్మా, అంకెలు మళ్లీ చూడండి. 90దీ 130దీ రెండూ కచ్చితంగా 14. కుంగుబాటు అలా సమానంగా ఎప్పుడూ రాదు, దూరం పోయేకొద్దీ తగ్గి సున్నా అవుతుంది. అన్ని ఊచలూ ఒకే అంకె దిగినట్టు కనిపిస్తే, దిగింది ఊచలు కాదు, లేచింది బెంచ్‌మార్కు. అన్నిట్లోంచి 14 తీసేయండి: 41, 17, 4, 0, 0. ఇది పుస్తకంలో గీసిన గీతలా ఉంది. 15 మీటర్ల దగ్గర నాలుగు సెంటీమీటర్లు, 60 దగ్గరకొచ్చేసరికి నాలుగు మిల్లీమీటర్లు. నేనేసిన 70 మీటర్లకి లోబడే ఉంది.

పాత కొలతలకి ఇక 90, 130 ఊచలనే ఆధారంగా పెట్టుకోండి. ఇకనుంచి బెంచ్‌మార్కు మార్చండి. దగ్గర్లో రాతి మీద కట్టిన పాత కల్వర్టుగానీ గుడి మెట్టుగానీ ఉందా?

కానూరు_కోడలు · 17 ఆగస్టు, మధ్యాహ్నం 2:05
రోడ్డు కల్వర్టు ఉంది, 350 మీటర్లు, బండ మీద కట్టిందే. బాపుకి ఫోన్లో చెప్పాను. "గడప లేచిందా!" అని నవ్వుతున్నాడు. వాన పడ్డప్పుడల్లా ఆ తలుపు బిగుసుకుంటుందట. ఇన్నేళ్లూ చెక్క ఉబ్బిందనుకున్నాడు.

పాత_సర్వేయరు · 17 ఆగస్టు, మధ్యాహ్నం 2:30
కల్వర్టు నుంచి వెళ్లి తిరిగొచ్చేసరికి 700 మీటర్లు. మామూలు పనికి 12 ఇంటూ దూరం కిలోమీటర్ల వర్గమూలం అని లెక్క, 10 మిల్లీమీటర్ల దాకా తేడా ఒప్పుకుంటారు. మనకి అది చాలదు, 4 దాటితే మళ్లీ చేయమనండి.

ఉపగ్రహం_ఊసు · 18 ఆగస్టు, రాత్రి 9:12
ఇది చదివాక నా పాత ఇన్‌సార్ మ్యాప్ మళ్లీ తీశాను. దానికీ కదలని చోటొకటి మనమే ఎంచి ఇవ్వాలి. నేను ఎంచింది ఒక చెరువు గట్టు. మార్చి మళ్లీ చేస్తున్నా. ఎవరికీ చెప్పకండి.

కానూరు_కోడలు · 28 సెప్టెంబర్, సాయంత్రం 5:50
కల్వర్టు నుంచి రెండో విడత అయింది, తేడా 3 మిల్లీమీటర్లు. 15 మీటర్ల ఊచ ఇంకో 5 దిగింది, 35ది 2, మిగతావి కదల్లేదు. బీట మొదటి రెండు జతల్లోనూ మూడు వారాలుగా ఏ మార్పూ లేదు. మొత్తం మీద నడుమ జత దగ్గర 22 నుంచి 31కి వచ్చి ఆగింది. దిమ్మెలు చూసుకునే కుర్రాళ్లు బాపు నోట్‌బుక్కు చూసి మజ్జిగ తాగుతూ పేజీలు ఫోటో తీసుకున్నారట. ప్యానెల్ పని మా గట్టు దాటి ముందుకెళ్లిపోయింది, ఇక దిగేది కొంచెమే అన్నారు.

ఒక్కటే చిక్కు. మూడో జత కొలత ఒక్కసారిగా 60 పెరిగింది. అడిగితే తేలింది, అందులో ఒక ఊచకి బాపు బర్రెని కట్టేశాడు. ఆ జత లెక్కలోంచి తీసేయాలా?

పాత_సర్వేయరు · 28 సెప్టెంబర్, సాయంత్రం 6:15
తీసెయ్యమ్మా. ఎందుకు తీసేశామో కూడా నోట్‌బుక్కులో రాయించు, బర్రె అనే రాయించు. మిగతా రెండు జతలు చాలు. బర్రెకి బీటకి దూరంగా వేరే గుంజ పాతమను.